అంజన్న పోయిండు

ఖర్జూరాలు పండే కాలంలో నేను మా ఆయనకు కఫీల్‌నయ్యాను.

ఈ మాట చెబితే ఊళ్ళో చుట్టాల్లో సగం మంది అదేదో కొత్త జబ్బనుకున్నారు. సౌదీలో ఉండేవాళ్ళకైతే విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ పరాయి దేశం మనిషి ఎవరైనా సరే, నేను పూచీ అని కాగితం మీద ఒప్పుకునే యజమాని ఒకరు ఉండాలి. ఆ యజమానే కఫీల్. మా ఆయన హేమసుందర్ సేఫ్టీ ఇంజనీరు. ఆ ఎండాకాలం ఆయన ప్రాజెక్టు ముగిసింది, కొత్తది దొరకలేదు. ఇంక మిగిలినవి రెండే దార్లు. ముగ్గురం ఎగ్జిట్ కొట్టించుకుని దేశం వదిలిపోవడం, లేదంటే ఆయన కాగితాలు నా కంపెనీ మీదికి మార్చుకోవడం. మా అమ్మాయి వర్షకు అది పన్నెండో తరగతి. మార్చుకున్నాం.

నా కంపెనీ అంటే మేడలూ మిద్దెలూ అనుకోకండి. అల్ ఖోబర్‌లో, అజీజియాలో, ఖలందర్ భాయ్ కిరాణా అంగడి పైన రెండు గదులు. పేరు ముచ్చట మీడియా. మొదట్లో నేను బట్టల బీరువాలో తల దూర్చి ఫోన్లో మాట్లాడేదాన్ని. బీరువా ఎందుకంటే, అందులో అయితే ఏసీ మోత వినపడదు. ఊరి వార్తలు నాలుగు చదివి, క్యాంపుల్లో ఉండే మా జగిత్యాల వాళ్ళకు పంపేదాన్ని. ఆ బీరువాలోంచే ఛానెల్ వచ్చింది, లైసెన్సు వచ్చింది, ప్రకటనలు వచ్చాయి. హైదరాబాద్ ప్రచురణకర్త ఒకాయన ఈ మనుషుల కథలన్నీ పుస్తకంగా రాయమని వెంటపడ్డాడు. రాస్తూనే ఉన్నాను గానీ దానికి పేరు కుదరడం లేదు. పేరు లేని పిల్లలా ఆ పుస్తకం నా చంకన వేలాడుతోంది.

మా ఛానెల్‌కు ప్రాణం జుమ్మా ముచ్చట. శుక్రవారం అందరికీ సెలవు కదా. రియాద్ నుంచి, జుబైల్ నుంచి, ఎక్కడెక్కడి తోటల నుంచో మనవాళ్ళు గొంతు రికార్డు చేసి పంపుతారు. మేం అవి వినిపించి, వాళ్ళ పేరు మీద ఒక పాట వేస్తాం. ఇక్కడి వాళ్ళకంటే ఇంటి దగ్గర వాళ్ళ ఆడవాళ్ళే ఎక్కువ వింటారు.

మా ఆయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆఫీసుకు వచ్చేవారు. వచ్చిన గొంతులు విని, దగ్గులూ చప్పుళ్ళూ కోసేసి, వరసలో పెట్టేవారు. పని ఒద్దికగా చేసేవారు, ఆ మాట అనకపోతే కళ్ళు పోతాయి. కానీ ఎవరైనా ఫోన్ చేసి ఏం చేస్తున్నావంటే, 'సృజనకు కాస్త చేదోడుగా ఉంటున్నా' అనేవారు. ఉద్యోగం అన్న మాట నోటినుంచి రాదు. ఒకరోజు అన్నం దగ్గర వర్ష నవ్వుతూ, "నాన్నా, రేపు సెలవు కావాలంటే కఫీల్‌ని అడుగు" అంది.

ఆయన కలుపుతున్న ముద్ద వదిలేశారు.

"నవ్వులాటకైనా ఆ మాట అనకమ్మా" అని చెయ్యి కడుక్కుని లేచిపోయారు. అరిచి ఉంటే బాగుండేది.

ఇక్కడ మా అత్తగారి ముచ్చట ఒకటి చెప్పాలి. చాముండేశ్వరిగారిది కాకినాడ. నేను కాపరానికి వెళ్ళిన కొత్తలో పక్కింటివాళ్ళు వచ్చి మామయ్యగారేరమ్మా అని అడిగారు. "మామయ్య పోయిండు" అన్నాను, మా ఊళ్ళో అన్నట్టే. ఆయన కూరగాయలకు వెళ్ళారు. పక్కింటావిడ గుమ్మంలోనే కూలబడింది. అత్తగారు పూజగదిలోంచి పరుగెత్తుకొచ్చారు. నన్ను ఒక్క మాట తిట్టలేదు, కూర్చోబెట్టి పాఠం చెప్పారు. "అమ్మాయ్, మన ఇళ్ళల్లో పోయాడంటే చచ్చిపోయాడని. వెళ్ళాడు అనాలి. ఇంకోటి కూడా విను. బయల్దేరే మనిషిని ఎక్కడికి అని అడక్కూడదు. అపశకునం." మా ఊళ్ళోనూ పెద్దవాళ్ళు రెండోది చెప్పేవాళ్ళే గానీ ఎవరూ చెవిన పెట్టేవారు కారు. అప్పటినుంచి ఇంట్లో వెళ్ళాడు, మైకులో పోయిండు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఇన్నేళ్ళు బాగానే నడిచాను.

సెప్టెంబరులో పుస్తకం పని మీద జెద్దా వెళ్ళాను. బలద్‌లో, సూక్ అనే పాత బజారు దుకాణాల్లో పనిచేసే మనవాళ్ళతో మాట్లాడాలి. ఆ వారం జుమ్మా ముచ్చట మొత్తం ఆయన చేతిలో పెట్టాను. "నేను చూసుకుంటాలే" అన్నారు. చాలా రోజులకు ఆయన ముఖంలో కాస్త వెలుగు చూశాను.

శుక్రవారం బలద్‌లో ఒక చాయ్ దుకాణం ముందు కూర్చుని ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. మా ఆయన గొంతు వినపడింది. ఎన్నడూ మైకు ముందుకు రాని మనిషి.

"జుబైల్ క్యాంపులో ఉండే మన శ్రోత, జగిత్యాల జిల్లా అంజన్నగారు ఇక లేరు. వారి గదిలోని మిత్రుడు నాగేందర్ కోరిక మేరకు, వారి స్మృతిలో ఈ వీణ."

చాయ్ చల్లారిపోయింది. నా బీరువా రోజుల్లో మొట్టమొదట జవాబు పంపింది అంజన్నే. 'అక్కా, నీ మాట ఇంటుంటె మా ఇంటెనుక సాయబాన్ల నీడకు కూసున్నట్టే ఉన్నది' అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను ఇంతదాకా వచ్చాను. అతని ముఖం ఎప్పుడూ చూడలేదు. అయినా సూక్ మధ్యలో కూర్చుని ఏడ్చాను, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేదు.

మర్నాడు ఖోబర్ వచ్చి ఆఫీసులో బ్యాగు దించానో లేదో ఫోన్ మోగింది. జగిత్యాల దగ్గరి ఊరి నుంచి. అంజన్న భార్య ముత్యవ్వ.

"నువ్వేనా బిడ్డా రేడియోల మాట్లాడేది?"

"నేనే అవ్వా."

"మా ఆయన లేడని చెప్పిండ్రంట గద. ఆయన ఫోను కలుస్తలేదు. కంపెనీ నుంచి ఒక్కలు గూడ ఫోను జెయ్యలే. ఆయన లేకుంటె వాళ్ళు చెప్పాలె గద, మీరెట్ల చెప్పిండ్రు?"

ఆమె గొంతు వణకలేదు. కనుక్కుని చెబుతానని పెట్టేసి, నాగేందర్ పంపిన అసలు గొంతు తీసి పెట్టమన్నాను. ఆయన పెట్టారు.

"అక్కా, నేను జుబైల్ నుంచి నాగేందర్‌ను. మా రూమ్‌ల ఉండే అంజన్న పోయిండక్కా. మంచి మనిషి. పొద్దుగాల లేశి అందరికి చాయ వెట్టేటోడు. ఆయన మంచం కాలీగ ఉంటె మనసున వడ్తలేదు. ఆయన పేరు మీద ఒక పాట ఎయ్యుండ్రి."

ఒకసారి విన్నాను. చాలు. ఇన్నేళ్ళు ఇంట్లో దాచుకున్న భాష నోట్లోంచి దూకింది.

"ఇందుల ఏడ సచ్చిండో జెర సూపెట్టుండ్రి."

ఆయన తెల్లబోయారు. "పోయాడు అన్నాడు కదా. మంచం ఖాళీ అన్నాడు. ఏడుపు గొంతు."

"పోయిండంటే పోయిండని. ఊరికో, పనికో, ఇంకెక్కడికో. సచ్చిపోతె మావోళ్ళు కాలం జేసిండంటరు, పానం ఇడిసిండంటరు. మంచం కాలీ అంటూ పాట అడగరు."

నాగేందర్‌కు ఫోన్ కలిపాను. "అయ్యో అక్కా," అన్నాడు వాడు, "ఉనైజా వోయిండు. ఖర్జూరాల సీజన్ గద, తోట పనికి. ఏ తోటనో నాకు తెల్వది. మండిల అడిగితె చెప్తరంట. నేను పాట అడిగితె మీరు ఆయన్ను సంపిండ్రు."

ముత్యవ్వకు చెప్పాను, ఉన్నడవ్వా, మావల్ల తప్పు జరిగిందని.

"నిన్న లేడన్నరు, ఇయ్యాల ఉన్నడంటున్నరు. రెండు మాటలు ఒక్క రేడియోనే. నేనేది నమ్మాలె? ఆయన గొంతు ఇనిపియ్యి. అప్పటిదాంక నాకు రెండూ లేవు."

ఫోన్ పెట్టగానే కింది నుంచి ఖలందర్ భాయ్ మెట్లెక్కి వచ్చాడు. కడప మనిషి. మా మొదటి ప్రకటన ఆయనదే, ఇప్పటికీ పెద్ద ప్రకటనా ఆయనదే. ఆయన్ని చూసే మిగతా అంగళ్ళవాళ్ళు మాకు ఇస్తారు.

"మ్యాడమ్, అంగడికొచ్చినోళ్ళంతా అదే అడుగుతాండారు. బతికుండే మనిషిని సంపినారంట కదా అని. నా సరుకు పేరు మీ నోటెంబడి వస్తాంది. మీ నోటి మీద నమ్మకం పోతే నా సరుకు మీద కూడా పోతాది. మీరు తేల్చకుంటే నేను ఆపేస్తా. తప్పుగా అనుకోవద్దు."

తప్పేముంది అందులో. ఆయన ఆపితే అందరూ ఆపుతారు. ఛానెల్ కూలితే కంపెనీ కూలుతుంది, కంపెనీ కూలితే మా ముగ్గురి ఇకామాలూ, అంటే ఇక్కడ ఉండే అనుమతులూ, దాంతోనే. వర్ష పరీక్షలు, నా పుస్తకం, ఆ మెట్ల మీద ఇన్నేళ్ళ నా నడక, అన్నీ ఆ ఒక్క మాట మీద వేలాడుతున్నాయి.

ఖలందర్ భాయ్ దిగిపోయాక మా ఆయన అన్నారు, "నన్ను ఎగ్జిట్ కొట్టేయ్ సృజనా. తప్పు చేసిన మనిషిని తీసేశామని మైకులో చెప్పు. అప్పుడు నీ పేరు నిలబడుతుంది. నువ్వూ పిల్లా ఉండండి."

నిష్ఠూరం కాదది. లెక్క వేసినట్టు నెమ్మదిగా అన్నారు.

"ఎగ్జిట్ ఎవరికి ఎప్పుడివ్వాలో కఫీల్‌కు తెలుసు. ముందు కారు తాళాలు తీసుకోండి" అన్నాను.

వర్షను స్నేహితురాలి ఇంట్లో దింపి బయల్దేరాం. రియాద్ దాటేదాకా ఆయన నడిపారు, తర్వాత నేను. ఇసుకా, తారు రోడ్డూ, ఒంటెలున్నాయి జాగ్రత్త అనే బోర్డులూ. బురైదా దగ్గరపడుతుండగా ఆయన హఠాత్తుగా, "నాకు అనుమానం వచ్చింది తెలుసా?" అన్నారు. "ఎలా పోయాడో నాగేందర్‌ని అడుగుదామనుకున్నా. చావు కబురు చెప్పినవాణ్ణి ఆరా తీయడం బావుండదని ఊరుకున్నా."

"వాళ్ళబ్బాయే మీరు" అన్నాను. అత్తగారి పేరు ఎత్తలేదు గానీ ఆయనకు అర్థమై చిన్నగా నవ్వారు. బయల్దేరాక అదే మొదటి నవ్వు.

ఉనైజా ఖర్జూరాల మండీ తెల్లవారకముందే మొదలవుతుంది. మేం చేరేసరికి పికప్ బళ్ళు బారులు తీరి ఉన్నాయి. వెనక తలుపులు దించి, సుక్కరీ పళ్ళ డబ్బాలు పేర్చి, వేలంపాట పాడుతున్నారు. తేనె వాసన. ఎవరో మాకు చెరో పండు చేతిలో పెట్టి తినమన్నారు. మా ఆయన తినలేదు. ఒక్కో బండి దగ్గరకూ వెళ్ళి అడగడం మొదలుపెట్టారు.

"అంజన్న... ఇండియన్... హైదరాబాద్ సైడ్... కిధర్ హై?"

జగిత్యాల అంటే ఇక్కడెవరికి తెలుసు. చాలామంది తల అడ్డంగా ఊపారు. చివరికి జబీ అనే బంగ్లాదేశీ డబ్బాలు దించుతూ ఆగాడు.

"అంజన్న? వో తో గయా." అతనా, పోయాడుగా అని.

మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను నోరు విప్పలేదు. కావాలనే. ఆయన ఇంట్లో జన్మలో ఎవర్నీ అడగని ప్రశ్న అడిగారు.

"కిధర్ గయా?"

"పేడ్ పే," అన్నాడు జబీ, ఇంకెక్కడికి పోతాడన్నట్టు చూసి. చెట్టెక్కాడట.

జబీ బండి వెనకే వెళ్ళాం. తోటలో ఒక చెట్టు మొవ్వు దగ్గర, నడుముకు పట్టా కట్టుకుని ఒక మనిషి గెల కోస్తున్నాడు. మా ఆయన కింద నిలబడి తలెత్తి, "అంజన్నగారూ" అన్నారు.

"ఎవలు?"

ఆ గొంతు నాకు తెలుసు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "నేను అంజన్నా, ముచ్చట సృజనక్కను" అన్నాను. అతను గెలను తాడుతో దించి, తను దిగి, తలగుడ్డ విప్పి చేతులు తుడుచుకున్నాడు. నేననుకున్నదానికంటే పొట్టిగా ఉన్నాడు.

"మీరు పోయారని నాగేందర్ చెప్పాడండీ," అన్నారు మా ఆయన.

"అవు, పోయిన గద. నిజమే చెప్పిండు."

"కాదండీ. మీరు చనిపోయారనుకుని రేడియోలో చెప్పేశాను."

అంజన్న ఆయన వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"మా ముత్యవ్వ ఇన్నదా?"

విన్నదన్నాను. అతను చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. ఫోన్ నీళ్ళ కాలవలో పడిందట. కొత్తది కొన్నాక చేద్దాంలే అనుకున్నాడట. ఇంక జుమ్మా దాకా ఆగేది లేదనుకున్నాను. ఆ చెట్టు కిందే ఛానెల్ తెరిచాను. లైవ్ అని చూడగానే జనం చేరడం మొదలైంది. రెండో ఫోన్‌లో ముత్యవ్వను కలిపి మైకు మా ఆయన చేతికిచ్చాను. ఏం చెప్పాలో నేను రాసివ్వలేదు.

"నమస్కారమండీ," అన్నారాయన. "నా పేరు హేమసుందర్. సృజనగారి కంపెనీలో నేను ఉద్యోగిని. మొన్న అంజన్నగారు లేరని చెప్పింది నేనే. మా కాకినాడ వైపు పోయాడంటే చనిపోయాడని. జగిత్యాల మాట నాకు తెలియలేదు, తెలియనప్పుడు అడగలేదు. తప్పు నాది, ఛానెల్‌ది కాదు. అంజన్నగారు నా పక్కనే ఉన్నారు."

ఉద్యోగిని అన్న మాట దగ్గర ఆగలేదు, తడబడలేదు. నేను ఖర్జూరం చెట్ల వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

అంజన్న మైకు దగ్గరికి వంగి, "ముత్తీ" అన్నాడు.

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. తర్వాత, "ఉన్నవా?"

"ఉన్ననే."

"ఉంటె ఫోను జెయ్యొస్తలేదా?"

"ఫోను నీళ్ళల్ల వడ్డది."

"నువ్వు వడలేదు గద." కొంచెంసేపు ముక్కు చీదిన చప్పుడు. "ఆ సారున్నడా?"

"ఉన్నానమ్మా," అన్నారు మా ఆయన.

"ఇగ లేడు అంటివి గద బిడ్డా. వాడకట్టంత వచ్చి నా ఇంట్ల కూసున్నరు. లేడని మీకియ్యాల ఎరుకైందా, పెండ్లయిన కాన్నుంచి దుబాయిల, సౌదిల ఉండె, ఇంట్ల ఎన్నడున్నడు అని నేనే అన్న వాళ్ళతోని. నోటికి గట్లన్న గని, నీ పాట ఇన్నంక నా కాళ్ళు రెక్కలు ఆడలే."

"క్షమించండమ్మా. పెద్ద తప్పు చేశాను."

"తప్పు సంగతి ఇడిసిపెట్టు. మా దిక్కు మొగోళ్ళందరు పోయినోళ్ళే. మల్ల ఎవ్వలన్న వచ్చి ఫలానాయన పోయిండంటె, యాడికని అడుగు. అడిగితె నోరు అరగది."

ఆ రోజు ఛానెల్‌కు ఎన్ని గొంతులొచ్చాయో చెప్పలేను. ఒకాయన దమ్మామ్ నుంచి, 'నేను గూడ ఇంట్లకెల్లి పోయిన్నే, యాడికని మా పిల్లలు అడుగుతలేరు' అన్నాడు. దారిలో అది విని మా ఆయన మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నారు. ఖోబర్ చేరేసరికి ఖలందర్ భాయ్ అంగడి బయట కుర్చీ వేసుకుని ఉన్నాడు. "నా ప్రకటన ఆ యవ్వ మాట ఎనకాలే వేయండి మ్యాడమ్," అన్నాడు. అంతే, ఆపేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

పుస్తకానికి పేరు దొరికిందని వేరే చెప్పాలా. 'యాడికి?' అని పెట్టాను. ఆ పేరు అందరికీ అర్థం కాదేమోనని ప్రచురణకర్త నసిగాడు. అర్థం కానివాళ్ళు అడుగుతారులెండి అన్నాను. ప్రూఫులు మా ఆయనే దిద్దారు. ఒక్క పోయిండును కూడా వెళ్ళాడు చేయలేదు.

ఖర్జూరాల కాలం అయిపోయి, పొద్దున పూట కాస్త చల్లగాలి తగిలే వేళకు, ఆయనకు దమ్మామ్‌లో ఒక పెద్ద కంపెనీ నుంచి పిలుపొచ్చింది. పాత పనే, సేఫ్టీ ఇంజనీరు. నాకు చెప్పలేదు. ప్రింటర్ మీద మర్చిపోయిన కాగితం నేనే చూశాను. చూసి అక్కడే పెట్టేశాను. ఆయన వెళ్ళిపోతే న్యాయమే. మగవాడికి తన పని తనకు కావాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అడుగుదామంటే నోరు రాదు.

ఒక ఉదయం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, బీరువా అడుగున పడేసిన పాత సేఫ్టీ బూట్లు తీసి దుమ్ము దులిపి తొడుక్కున్నారు. సంచీ భుజాన వేసుకుని తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశారు. నేను వంటింట్లోంచి దోసె తిప్పుతూ చూస్తున్నాను. పెళ్ళయినప్పటినుంచీ నోట్లోనే మింగిన మాట అది. అత్తగారు గుర్తొచ్చారు, అపశకునం గుర్తొచ్చింది.

"యాడికి?" అన్నాను.

ఆయన చెయ్యి గొళ్ళెం మీదే ఆగింది. వెనక్కి తిరిగి నా ముఖం చూశారు. చాలాసేపే చూశారు.

"జుబైల్ క్యాంపుకి," అన్నారు. "అంజన్న మంచంలోకి కొత్త కుర్రాడు వచ్చాడట, జుమ్మా ముచ్చటకు మాట్లాడించుకుని వస్తా. సైట్‌లోకి ఈ బూట్లు లేందే రానివ్వరు."

తలుపు తీసి, ఒక కాలు బయటపెట్టి, మా ఊరి యాస రాక కొంచెం తడుముకుని అన్నారు.

"పోయొస్త, కఫీల్."